రాతిదారికి రెండు జతల షూలు

నందిని గనుల వైపు మట్టిదారిలో మొదటిసారి పరిగెత్తిన రోజున నేను పొలం గట్టు మీంచి బురదలోకి వెల్లకిలా పడ్డాను. పరిగెత్తడం నాకు కొత్త కాదు. రెండేళ్ళ నుంచీ పొద్దున్నే భిలాయి ఉక్కు టౌన్‌షిప్ సెక్టార్ల రోడ్ల మీద పరిగెడుతున్నాను. అక్కడ రోడ్లు గీత గీసినట్టుంటాయి. రెండు వైపులా చెట్లు, కింద నున్నటి తారు. నా షూలు కూడా ఆ తారుకి తగ్గవే, తేలిగ్గా, మెత్తగా ఉంటాయి. వానాకాలం ఆఖర్లో నానిన నల్లరేగడి మీద మాత్రం అవి సబ్బుబిళ్ళల్లా జారాయి.

ఆ రోజు మా అత్తయ్య కూడా నాతో వచ్చారు.

భిలాయిని ఆనుకునున్న కోహ్కాలో మాకు మోటార్లు, పైపుల కొట్టు ఉంది. మావయ్య గారు వయసులో ఉండగా విజయనగరం వైపు నుంచి కాంట్రాక్టు పనులకని వచ్చి, కొట్టు పెట్టుకుని ఇక్కడే నిలిచిపోయారు. ఇప్పుడు మా ఆయనా నేనూ చూసుకుంటున్నాం. మావయ్య గారు పోయాక అత్తయ్య ఇంట్లోంచి కదలడం మానేశారు. టీవీ పెట్టుకుని, దాన్ని చూడకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు, "చీకట్లో ఒక్కదాన్నీ వెళ్ళాలంటే భయంగా ఉంది, తోడు రండి అత్తయ్యా" అని బతిమాలి గ్రౌండుకి తీసుకెళ్ళాను. నేను పరిగెడుతుంటే ఆవిడ చుట్టూ నడిచేవారు. కొన్నాళ్ళకి ఆవిడే తెల్లారకుండా నా తలుపు కొట్టి, "ఏటే, ఇంకా లెగలేదేటి" అని అడిగే స్థితికి వచ్చారు.

గ్రౌండులోనే మాకు దీదీ పరిచయమైంది. ఆవిడ ఓ ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేస్తుంది. ఊళ్ళో నడిచేవాళ్ళనీ పరిగెత్తేవాళ్ళనీ పోగేసి ఆదివారాలు ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్తుంది. అలా తీసుకెళ్ళిందే ఈ నందిని దారి. సున్నపురాయి గనుల కంచెకి దూరంగా, ఊళ్ళ మధ్య నుంచి పొలం గట్ల మీదుగా పోతుంది.

నేను బురదలోంచి లేవడానికి తంటాలు పడుతుంటే అత్తయ్య వెనక నుంచి వచ్చారు. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర మడమల పైకి ఎత్తి, ఉత్త కాళ్ళతో నింపాదిగా నడుస్తున్నారు. కాలివేళ్ళు విచ్చుకుని బురదని పట్టుకుంటున్నాయి. నా పక్కనే ఆగి నా కాళ్ళకేసి చూశారు.

"నీ షూలకి గోళ్ళు లేవే. అందుకే పడిపోనావు" అన్నారు.

పొలాలు దాటాక రాయి మొదలైంది. అక్కడ కథ తిరగబడింది. సున్నపురాయి పలకలు నేల మీదికి తేలి ఉన్నాయి. కొన్నిచోట్ల నీళ్ళు పారి నున్నగా ఉన్నాయి, కొన్నిచోట్ల విరిగి కత్తుల్లా ఉన్నాయి. అత్తయ్య చెప్పులు వేసుకున్నారు. నాలుగడుగులు వేశారో లేదో తడిసిన చెప్పు వార్లోంచి పాదం పక్కకి జారి, రాయి అంచు మడమని కోసేసింది. దీదీ నీళ్ళు పోసి కడిగి కట్టు కట్టింది.

"మాతాజీ, ఇవాళ్టికి ఇక్కడి నుంచి వెనక్కి వెళ్ళిపోదాం" అంది దీదీ హిందీలో.

"ఆ రాళ్ళ అవతల ఏటున్నాది?" అని నన్నడిగారు అత్తయ్య.

నేను దీదీని అడిగి చెప్పాను. పైకి ఎక్కితే అవతల ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత గొయ్యి ఉందట. నిండా నీళ్ళట. ఎండ పడితే నీలంగా, ఆకుపచ్చగా మెరుస్తాయట. చలికాలంలో ఇదే దారిలో అందరం కలిసి ఒక పరుగు పెట్టుకుందామనుకుంటున్నారు. పొట్టి దారి పొలాల దాకానే. పెద్ద దారి ఆ రాళ్ళెక్కి, నీళ్ళని పైనుంచి చూసి, అవతలి వైపు నుంచి దిగి వస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో అత్తయ్య కట్టు కట్టిన మడమని తడుముకుంటూ కూర్చున్నారు. ఊరు దగ్గరపడ్డాక, "పెళ్ళై వచ్చిన కాడ్నించీ నందిని నందిని అని వింటన్నాను. ఒక్కపాలైనా చూడలేదు. ఆ నీళ్ళు నేను చూడాల" అన్నారు.

మావయ్య గారు పోయాక ఆవిడ నోటి నుంచి "నాకు కావాలి" అన్న మాట వినడం అదే మొదటిసారి. ఒళ్ళంతా బురదతో ఉన్నదాన్ని, నాకు ఒక్కసారిగా ఉత్సాహం వచ్చేసింది. "అయితే ముందు కాళ్ళకి కావాలి అత్తయ్యా, మీకూ నాకూ" అన్నాను.

అప్పటిదాకా నాకు షూ అంటే రంగు, సైజు, తక్కువలో వస్తుందా లేదా, అంతే. ఇప్పుడు కొట్లో గిరాకీ లేనప్పుడల్లా ఫోనులో వీడియోలు చూడ్డం పట్టుకుంది. మట్టిదారుల షూలని ట్రైల్ షూలంటారు. వాటి అడుగున పళ్ళలాంటి గుబ్బలుంటాయి. బురదకైతే ఆ పళ్ళు పొడుగ్గా, ఎడంఎడంగా ఉండాలి. దగ్గరదగ్గరగా ఉంటే మట్టి మధ్యలో ఇరుక్కుపోయి షూ మళ్ళీ నున్నగా అయిపోతుంది. రాయికి పళ్ళు పనికిరావు, రబ్బరు పనికొస్తుంది. మెత్తటి రబ్బరైతే తడిరాయిని కరుచుకుంటుంది, గట్టిదైతే జారుతుంది. రబ్బరు సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాషరు చేతిలోకి తీసుకుని బొటనవేలి గోరు గుచ్చితే అది నిలబడేదో కారేదో నాకు తెలిసిపోతుంది. ఇన్నేళ్ళూ పంపు వాషర్ల మీద వాడిన గోరు షూల మీద ఎందుకు పనిచేయదు అనిపించింది.

మొదట ఊళ్ళోనే ఒక షాపుకి వెళ్ళాం. అక్కడి సేల్స్‌మాన్ భయ్యా అత్తయ్యని చూడగానే "ఆంటీజీ కే లియే వాకింగ్ షూ" అని లేత గులాబీ రంగు జత ఒకటి తెచ్చాడు. అత్తయ్య పాదం అందులో సగం కూడా దూరలేదు. ఆవిడ పాదాలు ముందువైపు వెడల్పు, విసనకర్రలా. చిన్నప్పటి నుంచీ చెప్పుల్లోనో ఉత్త కాళ్ళతోనో తిరిగిన వేళ్ళు, దేనికది విడిగా ఉంటుంది. ఇంకో సైజు పెద్దది తెస్తే వేళ్ళు పట్టాయి గానీ మడమ వెనక ఇంత ఖాళీ. ఆన్‌లైన్లో తెప్పించిన జత చూసి మా ఆయన బాగుందన్నాడు. అత్తయ్య అది తొడుక్కుని హాల్లో ఒక చుట్టు చుట్టి, "చిటికినేలు ఏడుస్తన్నాది" అని విప్పేశారు. అదీ వెనక్కి వెళ్ళిపోయింది.

"నా కాళ్ళకి దొరకవే. నువ్వు కొనీసుకో" అన్నారు. ఆ గొంతు నాకు నచ్చలేదు. మళ్ళీ కిటికీ వైపు చూసే గొంతు అది.

దీదీకి ఫోన్ చేశాను. రాయ్‌పూర్‌లో పెద్ద ఆటసామాన్ల షాపు ఒకటుందనీ, అక్కడ షూ తొడుక్కుని ఎక్కి దిగడానికి రాళ్ళు అతికించిన చిన్న వాలు కట్టారనీ చెప్పింది. "సాయంత్రం వెళ్ళండి. రోజంతా నిలబడ్డాక పాదాలు కాస్త ఉబ్బుతాయి. పరిగెత్తేటప్పుడు కూడా అంతే ఉబ్బుతాయి. పొద్దున సరిపోయిన షూ దారిలో కరుస్తుంది. తొడుక్కునే మేజోళ్ళు కూడా మీవే పట్టుకెళ్ళండి" అంది.

ఆ శనివారం మధ్యాహ్నం కొట్టు మా ఆయనకి వదిలేసి లోకల్ రైలెక్కాం. అత్తయ్య సంచిలో రెండు జతల మేజోళ్ళు, ఒక నీళ్ళ సీసా, జంతికల పొట్లం. పెళ్ళి బట్టలు కొనడానికి వెళ్తున్నట్టుంది మా ఇద్దరికీ.

షాపు నిజంగానే పెద్దది. గోడ నిండా షూలు. అక్కడున్న అమ్మాయి అత్తయ్యని కూర్చోబెట్టి రెండు పాదాలూ కొలిచింది. ఎడమ పాదం కుడిదానికన్నా కొంచెం పెద్దదట. "అందరికీ అంతే. పెద్ద పాదాన్ని బట్టి తీసుకోవాలి" అంది హిందీలో. తర్వాత పాదం వెడల్పు చూసి ఒక్క క్షణం ఆలోచించి, మగవాళ్ళ వరసలోంచి ఒక జత తెచ్చింది. బూడిద రంగు. ముందు భాగం బాతు ముక్కులా వెడల్పు, మడమ దగ్గర ఇరుకు.

అత్తయ్య అందులో పాదం పెట్టారు. వేళ్ళు లోపల ఆడించారు. మళ్ళీ ఆడించారు. నా వైపు తలెత్తి చూసి, "ఏళ్ళు కదుల్తన్నాయే" అన్నారు, చాలా నెమ్మదిగా, గట్టిగా అంటే ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు.

ఆ అమ్మాయి వాలు చూపించింది. అత్తయ్య చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కారు. ఎక్కడం బాగానే ఉంది. దిగేటప్పుడు చూసుకోవాలని దీదీ నాకు మరీమరీ చెప్పింది. దిగేటప్పుడు పాదం ముందుకి జారి వేళ్ళు కొసకి కొట్టుకుంటే, ఆ షూ ఎంత బాగున్నా వదిలేయాలి. ముందు ఒక బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి. అత్తయ్య దిగి, "కొంచెం తగుల్తన్నాది" అన్నారు. అప్పుడా అమ్మాయి లేసుని అన్నిటికన్నా పై రంధ్రంలోంచి మెలిక వేసి మళ్ళీ కట్టింది. మడమ కదలకుండా వెనక్కి కూర్చుంది. మళ్ళీ దిగారు. ఈసారి తగల్లేదు.

"పొడి రాయి మీద ఎవరైనా నిలబడతారు" అన్నారు అత్తయ్య తెలుగులో. సంచిలోంచి సీసా తీసి, ఎవరినీ అడక్కుండా, వాలు మీద నీళ్ళు ఒంపేశారు.

అమ్మాయి "అరే ఆంటీ" అంటూ పరిగెత్తుకొచ్చింది. నేను క్షమించమని చెప్పేలోపే అత్తయ్య తడి రాయి మీద నిలబడి, ఒంటికాలి మీద బరువు వేసి, నడుము మీద చేతులు పెట్టుకున్నారు. కదల్లేదు. పక్కన బ్యాట్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. ఆ అమ్మాయికి నవ్వు ఆగలేదు. గుడ్డ తెచ్చి నేల మీదికి కారిన నీళ్ళు తుడుస్తూ, "మా షూలని ఇంతవరకూ ఎవరూ ఇలా పరీక్ష చేయలేదు" అంది.

ఇక నా వంతు. నాకు ఒక ఎర్ర జత మీద కన్ను పడింది. అడుగున పళ్ళు పులి కోరల్లా ఉన్నాయి. గోరు గుచ్చాను. దిగలేదు, గట్టి రబ్బరు. అయినా ఆశ కొద్దీ తొడుక్కుని తడి వాలు ఎక్కాను. రెండో అడుగుకే జారాను. అత్తయ్య జబ్బ పట్టుకుని ఆపారు. తర్వాత ఆ అమ్మాయి నీళ్ళు లోపలికి రాని రకం ఒకటి చూపించింది. నాకు అదీ నచ్చలేదు. నీళ్ళు రానివ్వనిది పోనివ్వదు కూడా. పైనుంచి ఒక్కసారి నిండిందంటే పాదం తొట్టిలో నడిచినట్టే. చివరికి ఆకుపచ్చ జత దొరికింది. పళ్ళు మరీ పొడుగు కాదు, ఎడంగా ఉన్నాయి. రబ్బరులో గోరు కొంచెం దిగి గుర్తు పడింది. కింద నుంచి రాయి గుచ్చుకోకుండా లోపల పలచటి గట్టి పొర ఉంది. బొటనవేలి ముందు కవచంలా రబ్బరు అంచు. తొడుక్కుని వాలు మీద ఎక్కి దిగాను. మళ్ళీ ఎక్కాను. చిన్నపిల్లలా దూకాను.

ఆ రాత్రి రైల్లో అత్తయ్య పెట్టె ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నారు. మధ్యలో మూత తీసి, షూ అడుగున పళ్ళ మధ్య వేలు పెట్టి తడిమి, మళ్ళీ మూసేవారు.

కొత్త షూలతో నేరుగా దారికి పోకూడదని దీదీ హెచ్చరించింది. అంచేత అత్తయ్య వాటితో మేడ మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టారు. వాటితోనే కోహ్కా బజారుకి కూరలకి వెళ్ళారు. కూరగాయలమ్మే ఆవిడ వంగి చూసి "అమ్మా, బాగున్నాయి" అంటే, "రాళ్ళెక్కడానికి" అని చెప్పొచ్చారు. మా ఆయన పాత ట్రాక్ ప్యాంటు, దాని మీద పొడుగు కుర్తా వేసుకుని అత్తయ్య మొదటిసారి హాల్లోకి వచ్చినప్పుడు, మా ఆయన తింటున్న అట్టు వదిలేసి చూశాడు. "ఏటి, చూడలేదేటి ఎప్పుడూ" అని ఆవిడ గ్రౌండుకి బయల్దేరారు. నడక మెల్లగా చిన్న పరుగైంది. విద్యుత్ స్తంభం నుంచి స్తంభం దాకా పరుగు, తర్వాతి దాకా నడక.

పరుగు రోజు వచ్చింది. ముందు రోజు రాత్రి కాలం కాని వాన పడింది. తెల్లవారి పొగమంచు, నందిని దారంతా చిత్తడి. కొందరి మొహాలు వాడిపోయాయి గానీ నాకు లోపల సంబరంగా ఉంది. షూల సత్తా తెలిసేది ఈ రోజే. అత్తయ్య పొట్టి దారికే పేరిచ్చారు. పెద్ద దారి ఆవిడకి ఎక్కువని దీదీ, నేను, మా ఆయన అందరం అన్నాం. ఆ నీళ్ళు ఇంకో రోజు నిదానంగా చూపిస్తానని మాటిచ్చాను. ఆవిడ తలూపారు.

నేను పెద్ద దారిలో బయల్దేరాను. గట్ల మీద బురద పాదాలకి అంటుకుంటోంది, రెండడుగులు వేసేసరికి విదిలించినట్టు రాలిపోతోంది. పోయినసారి పడ్డచోట నేను పరిగెత్తాను. నిజంగా పరిగెత్తాను. కోసిన వరి దుబ్బుల పక్కన పనివాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఒక ముసలావిడ "కహాఁ జాథస దాయీ?" అని కేకేసింది. ఎక్కడికమ్మా అంత తొందరగా అని. పైకి చెయ్యి చూపించాను. రాళ్ళ దగ్గర తడి పలక మీద మొదటి అడుగు వేసేటప్పుడు ఊపిరి బిగబట్టాను. పాదం అక్కడే నిలిచింది. రెండోదీ నిలిచింది. ఆ తర్వాత కిందకి చూడటం మానేశాను. పైకెక్కేసరికి మంచు విడిపోయి, గొయ్యి నిండా నీలంగా నీళ్ళు. ఒక్క నిమిషం నిలబడ్డాను. అత్తయ్య పక్కన ఉంటే బాగుండునని మనసు లాగింది. దిగి వచ్చేశాను.

ముగింపు గీత దాటగానే అత్తయ్య కోసం చూశాను. లేరు. పొట్టి దారి వాళ్ళంతా ఎప్పుడో వచ్చి అటుకుల పోహా తింటున్నారు. దీదీ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ఫోను పట్టుకుని నాకు ఎదురొచ్చింది. పొలాల దగ్గర దారి చీలేచోట నిలబెట్టిన మనిషి, అక్కడ సిగ్నల్ లేక, ఇప్పుడే ఫోన్ చేయగలిగాడట. మాతాజీ పొట్టి దారి వైపు తిరగలేదు, ఎంత చెప్పినా వినకుండా రాళ్ళ వైపు వెళ్ళిపోయారట. తోడుగా ఒకరు వెనకే వెళ్ళారట.

నేను వెనక్కి తిరిగి, దిగొచ్చిన దారినే పైకి పరిగెత్తాను. అలసట ఎటుపోయిందో తెలియదు. ఆ తడిరాళ్ళు, ఆ వయసు, పోయినసారి తెగిన మడమ, అన్నీ కళ్ళ ముందు తిరుగుతున్నాయి. వాలు సగానికి ఎక్కేసరికి పైన మలుపులో బూడిద రంగు షూలు కనిపించాయి. ఆ తర్వాత అత్తయ్య. మోకాళ్ళు కొంచెం వంచి, చిన్నచిన్న అడుగులు వేస్తూ, పక్కకి వాలి దిగుతున్నారు. వెనక తోడొచ్చినతను చేతులు చాపుకుని భయంభయంగా వస్తున్నాడు.

నేను ఎదురెళ్ళి చెయ్యి అందించాను.

"తియ్యే" అన్నారు. "నువ్వు పట్టుకుంటే నిన్ను చూడాల. నేను రాయిని చూసుకోవాల. ఇవి పట్టుకుంటన్నాయిలే."

చెయ్యి తీసేశాను. ఆవిడ ముందు, నేను పక్కన. కొంత దూరం పోయాక, "చూశారా?" అని అడిగాను.

"చూశాను. మీ మావయ్య ఇక్కడికి మోటారు బాగుచెయ్యడానికి ఎన్నిమార్లు వచ్చాడో. ఒక్కపాలైనా చెప్పలేదు ఇంత బాగుంటాదని" అన్నారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

చదునైన దారి రాగానే ఆవిడ పరుగందుకున్నారు. తినేవాళ్ళంతా ప్లేట్లు కింద పెట్టి లేచి నిలబడ్డారు. దీదీ గీత దగ్గరే ఆవిడని కావలించుకుని, కోప్పడబోయి, ముందు వంగి ఆవిడ మడమ చూసింది.

పోహా తిన్నాక వ్యాను పక్కన చాప మీద కూర్చుని షూలు విప్పాం. నా బొటనవేలి గోరు నల్లబడింది. ఆ ఆఖరి పరుగులో లేసు సరిగా బిగించుకోలేదు. అత్తయ్య పాదాలు తెల్లగా నానిపోయి ఉన్నాయి తప్ప ఒక్క గీత లేదు, ఒక్క పొక్కు లేదు. ఇంతలో విజయనగరం నుంచి వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసింది. ఆదివారం ఆదివారం చేస్తుంది. అత్తయ్య స్పీకరు పెట్టి, కాళ్ళు ఎండలోకి చాపుకున్నారు.

"ఏటక్కా, గొంతు అలిసినట్టున్నాది? నడకకి ఎల్లావేటి?" అంది అవతలి గొంతు.

"కాదే" అన్నారు అత్తయ్య. "పరిగెట్టీసి వచ్చాను."

"ఎవరు తరిమారు?" అని అడిగింది చెల్లెలు.

అత్తయ్య నవ్వడం మొదలుపెట్టారు. జవాబు చెప్పబోవడం, మళ్ళీ నవ్వు రావడం. చివరికి ఫోను నా చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ, నువ్వే చెప్పమని సైగ చేశారు.